పసుపు అంటిన జేబు

పోయిన వారం మధ్యాహ్నం మహబూబాబాద్ నుంచి ఫోను వచ్చింది. అవతల మాట్లాడింది ఒకప్పుడు మా షాపింగ్ మాల్‌లో పట్టుచీరల సెక్షన్‌లో పనిచేసిన అమ్మాయి. ఆ గొంతు విని ఏడేళ్లయింది. నా నంబరు నా పుస్తకం వెనక అట్ట మీద దొరికిందట. బాగోగులు ఏమీ అడగలేదు.

"అన్నా, బాపు పోయిండు. భూపాలపల్లిల బిడ్డ ఇంట్ల. రేపు తండకు తెస్తరట. వస్తవా?"

వస్తానన్నాను. ఫోను పెట్టి తలెత్తితే ఎదురుగా అల్మారాలో ఆ పుస్తకమే కనిపించింది. అది నేను రాసిన డిటెక్టివ్ నవల. జనగామలో ఒక బట్టల మాల్, దాని తలుపు దగ్గర ముసలి సెక్యూరిటీ గార్డు, మాయమైన ఒక పట్టుచీర. చదివినవాళ్లంతా హాయిగా ఉందన్నారు, ఒక్క చుక్క నెత్తురు లేకుండా భలే నడిపావన్నారు. చివరి అధ్యాయంలో గార్డు అందర్నీ పరుపు మీద కూర్చోబెట్టి, టీ తాగుతూ, చీర ఎట్లా పోయిందో ముడి విప్పి చెప్తాడు. అందరూ నవ్వుకుంటారు. మేనేజరు మిర్చి బజ్జీలు తెప్పిస్తాడు.

అదంతా అబద్ధం. బజ్జీలతో సహా అబద్ధం. అసలు గార్డు ఈ పోయిన బాపే, ఆయన ఎప్పుడూ ఎవరినీ కూర్చోబెట్టి ముడి విప్పలేదు. ఆ మాల్‌లో నేను చూసిన నెత్తురంతా తుడిచేసి ఆ పుస్తకం రాశాను. ఆ నెత్తురులో ఎక్కువ భాగం ఆయనది, కొంత ఫోను చేసిన ఆ అమ్మాయిది.

ఆయనకు పేరుండేది, కానీ మాలో ఎవరమూ పిలవలేదు. సేల్స్ పిల్లలంతా బాపు అనేవాళ్లు, బిల్లింగ్ కౌంటర్‌లో కూర్చున్న నేనూ అట్లాగే అనేవాణ్ణి. ఏజెన్సీ వాళ్లు ఇచ్చిన యూనిఫాం ఆయన కంటే ముందు పనిచేసినవాడిది. భుజాలు జారిపోయేవి, ప్యాంటును తాడుతో కట్టుకునేవాడు. ఛాతీ మీది పేరు పలక కూడా ఆ ముందటివాడిదే. ఉన్నన్నాళ్లూ ఇంకొకడి పేరు పెట్టుకుని తిరిగాడు. మార్పించుకోరాదా బాపూ అంటే, "ఉండనియ్యి కొడుకా, తిట్లన్ని ఆనికే తాకుతయి" అనేవాడు.

కొడకండ్ల దగ్గర ఒక తండా ఆయనది. ఆ సంగతి మేనేజరుకు తెలియదు. పెండ్లిళ్ల సీజన్ మొదలు కాగానే మేనేజరు ఆయన్ను పిలిచి, తండోళ్లు గుంపుగా వస్తారు, వాళ్ల మీద జర కన్నేసి ఉంచు అని చెప్పేవాడు. ఆయన సరే సార్ అని సెల్యూట్ కొట్టేవాడు. బయటికొచ్చి మాతో, పొద్దున అద్దంలో చూసుకున్నప్పుడే కన్నేసి వచ్చానని చెప్పేవాడు. మేం పగలబడి నవ్వేవాళ్లం. ఆయన నవ్వేవాడు కాదు.

మనుషుల మొహాలు చూసే అలవాటు ఆయనకు లేదు. చెప్పులు చూసేవాడు. పట్టుచీరల సెక్షన్ మొదటి అంతస్తులో ఉండేది. తెల్లదుప్పటి పరిచిన పరుపుల మీద చీరలు విప్పి చూపిస్తారు కాబట్టి ఎక్కే ముందు అందరూ చెప్పులు వదలాలి. అరగంటకోసారి ఆయన తలుపు ఇంకొకరికి అప్పగించి పైకి వెళ్లి, చిందరవందరగా పడి ఉన్న చెప్పుల్ని జతలు జతలుగా, ముందు భాగాలు మెట్ల వైపు తిరిగేటట్టు సర్దేవాడు. ఎవరూ చెప్పని పని అది. సర్దుతూ వాళ్ల ఇంటి భాషలో ఏదో లెక్కపెట్టుకునేవాడు. ఏ చెప్పుకు ఏ ఊరి మన్ను అంటిందో, ఏ మడమ ఎటు అరిగిందో చూసి, ఆ మనిషి నడిచి వచ్చాడా ఆటోలో వచ్చాడా, కొనడానికి వచ్చాడా ఊరికే వచ్చాడా చెప్పేసేవాడు. తలుపు దగ్గర బిల్లుకు చిల్లు పొడుస్తూ ప్రతి ఒక్కరినీ ఏ ఊరు బిడ్డా అని అడిగేవాడు. అది పలకరింపు అనుకునేవాళ్లు. తాను అనుకున్న ఊరు సరిపోయిందో లేదో చూసుకునేవాడు, అంతే.

తలుపు దగ్గర నిలబడేవాడికి తన్నులు తప్పవు. ఒకసారి ఒక సేల్స్ పిల్ల మొగుడు తాగి వచ్చాడు. ఆ పిల్లను బయటికి ఈడ్చుకుపోతానని షట్టర్ దగ్గర రంకెలు వేశాడు. బాపు రెండు చేతులూ చాపి దారికి అడ్డం నిలబడ్డాడు. ఆయన దగ్గర కర్ర ఉంది, ఎత్తలేదు. వాడు హెల్మెట్ తీసుకుని ఆయన మూతి మీద కొట్టాడు. రెండోసారి కొట్టాడు. మూడోసారి కొట్టేలోపు పక్క దుకాణాలవాళ్లు వచ్చి వాణ్ణి పట్టుకున్నారు. బాపు అరచేతిలోకి ఒక పన్ను ఉమ్మి, దాన్ని జేబులో వేసుకుని, నోరు తుడుచుకుని, బిత్తరపోయి నిలబడ్డ కస్టమర్లతో లోపలికి రండ్రి, లోపలికి రండ్రి అన్నాడు. గడ్డం మీద నెత్తురు కారుతుంటే అట్లా పిలిచాడు. నవలలో ఆ హెల్మెట్ సంగతి నేను పెట్టలేదు.

ఇక దొంగతనాలు. సీసీ కెమెరాల ముందు కూర్చున్నవాడు పట్టుకోలేనివి ఈయన పట్టుకునేవాడు, కానీ పట్టించేవాడు కాదు. ఒకామె చిన్నపిల్లల గౌను ఒకటి సంచిలో కుక్కుకోవడం నా కౌంటర్ నుంచి నేనే చూశాను. నేను లేచేలోపే ఈయన వెళ్లి ఆమె పక్కన గొంతుకూర్చుని, కింద పడ్డదేదో ఏరుతున్నట్టు నటించాడు. సంచి బరువైనట్టుంది బిడ్డా, జర తేలిక చేసుకుని రా, నేను గీడనే ఉంట అని మెల్లగా చెప్పి, లేచి గోడ వైపు తిరిగి నిలబడ్డాడు. ఆమె గౌను తీసి పెట్టేసింది. పోయేటప్పుడు బిల్లుకు చిల్లు పొడిచి, ఏ ఊరు బిడ్డా అని ఆమెనూ అడిగాడు.

అప్పటికే నాకు డిటెక్టివ్ నవల రాయాలని పురుగు తొలుస్తోంది. ఇట్లాంటి మనిషి దొరికితే వదులుతానా. ఎందుకు పట్టివ్వవు బాపూ అని వారం రోజులు వెంటపడ్డాను. ఒకరోజు టీ దగ్గర చెప్పాడు.

అంతకు ముందు ఆయన భూపాలపల్లి దిక్కు ఒక బొగ్గు యార్డు దగ్గర కాంట్రాక్టు కాపలా. మూటలు మూటలుగా బొగ్గు పోతోంది, ఎవరో తెలియదు. అందరూ కంచె చుట్టూ తిరుగుతుంటే ఈయన అడుగులు చూశాడు. ఒక అడుగులో చిటికెన వేలు లేదు. ఆ అడుగు వెంట పోయి, పక్క గుడిసెల్లో ఒక ఆడమనిషిని పట్టుకున్నాడు. శభాష్ అంటారని తీసుకుపోయి కాంట్రాక్టరు మనుషుల ముందు నిలబెట్టాడు. వాళ్లు ఆమెను లారీ చక్రానికి కట్టేసి, ఇంజను బెల్టుతో కొట్టారు. చర్మం లేచిపోయేదాకా కొట్టారు. ఈయన చూస్తూ నిలబడ్డాడు. మూడో రోజున ఆమె చనిపోయింది.

"నా కండ్లు మంచిగనే పన్జేస్తయి కొడుకా," అన్నాడు టీ గ్లాసు కింద పెట్టి. "నోరే నాడు బంద్ పెట్టిన."

ఈ సంగతి కూడా నవలలో లేదు.

ఇక ఆ రోజు. మాఘమాసం, ముహూర్తాల రోజులు. పొద్దున షట్టర్ ఎత్తగానే బచ్చన్నపేట అవతలి నుంచి ఒక పెండ్లివాళ్లు ట్రాలీ ఆటోలో దిగారు. ఇరవై మంది దాకా ఉంటారు. నేరుగా పైకి వెళ్లి, మొన్న ఫోను చేసిన ఆ అమ్మాయి ముందు కూర్చుని, రెండు గంటలు చీరలు విప్పించారు. చివరికి పెండ్లికూతురికి మెరూన్ పట్టుచీర కుదిరింది. కుదిరిన మరుక్షణం పెండ్లికూతురి నాయనమ్మ బొడ్లో సంచి తీసి, పసుపు కలిపి, చీర కొంగు కొసకు పెట్టేసింది. పసుపు పెట్టిన చీర ఇక పెండ్లికూతురిదే. దాన్ని నేల మీద పెట్టకూడదు, పరాయి చేతులకు ఇవ్వకూడదు. అమ్మినవన్నీ ప్లాస్టిక్ బుట్టలో వేసి కిందికి నా కౌంటర్‌కు పంపాలని మా పద్ధతి. ముసలామె ఆ ఒక్క చీరను బుట్టలో వేయనివ్వలేదు. ఒళ్లో పెట్టుకుని పైన కొంగు కప్పుకుంది. సేల్స్ అమ్మాయి గుంజుకోలేదు. మన ఇండ్లలో పుట్టిన ఏ ఆడపిల్లా గుంజుకోదు. ఆ కొంగు కొసకే కట్టి ఉన్న ట్యాగు మాత్రం తెంపి, ముసలామె కొడుక్కిచ్చి, కింద కౌంటర్‌లో ఇచ్చి బిల్లు వేయించుకోమంది.

అతను ఇచ్చాడు. నాకే ఇచ్చాడు. నా ముందు పదిహేను మంది నిలబడి ఉన్నారు. వాళ్ల బుట్ట ఇంకా దిగలేదు. వచ్చాక కలిపి కొడదామని ఆ ట్యాగును చొక్కా జేబులో వేసుకున్నాను. బుట్ట వచ్చింది, అందులోవన్నీ కొట్టాను, బిల్లు ఇచ్చాను, జేబులోది మరిచిపోయాను. వాళ్లూ చూసుకోలేదు. తలుపు దగ్గర బాపు బిల్లు ప్రకారం కవర్లు లెక్కపెట్టి చిల్లు పొడిచాడు. ముసలామె కొంగు కింద చీర ఆయనకు కనిపించింది. పసుపు కూడా కనిపించింది. చెయ్యి పెట్టి అడగకూడదనుకుని, దండం పెట్టి పంపించాడు.

సీజన్‌లో పట్టుచీరలను మధ్యాహ్నం రెండింటికి ఒకసారి లెక్క చూస్తారు. ఒకటి తగ్గింది. కెమెరాల్లో చూస్తే ఇరవై మంది వీపులు తప్ప ఏమీ లేవు. మేనేజరు ఆ అమ్మాయిని వెనక గోడౌన్ గదిలోకి పిలిచాడు. ట్యాగు ఇచ్చి పంపానని ఆమె చెప్పింది. నన్ను పైకి రమ్మని కబురొచ్చింది.

మెట్లెక్కుతుంటే పెన్ను కోసం జేబులో చెయ్యి పెట్టాను. ట్యాగు తగిలింది. అప్పుడు గుర్తొచ్చింది. అంటే గదిలోకి అడుగుపెట్టేటప్పటికి నాకు అంతా తెలుసు. మరచిపోయి అబద్ధం చెప్పానని ఎప్పుడైనా నాకు నేను సర్ది చెప్పుకోబోతే ఈ మెట్లు అడ్డం వస్తాయి.

గదిలో ఆమె మొహం అప్పటికే వాచి ఉంది. పెదవి చిట్లింది. మేనేజరు ఆమె కుడి చేతిని బల్ల మీద అదిమి పట్టుకున్నాడు. ఇంకో చేతిలో గుడ్డ కొలిచే ఇనుప మీటరు బద్ద ఉంది. గుమ్మంలో బాపు నిలబడి ఉన్నాడు. ఆమె నా వైపు చూసింది. ఆ చూపులో భయం లేదు. అన్న వచ్చాడు, ఇక అయిపోతుందన్న ధీమా ఉంది.

"మెరూన్ పట్టు నీ కౌంటర్‌కు వచ్చిందా?" అని అడిగాడు మేనేజరు.

"రాలేదు సార్," అన్నాను.

బద్ద ఆమె వేళ్ల మీద పడింది. రెండోసారి పడ్డప్పుడు ఎండుపుల్ల విరిగిన చప్పుడైంది. ఆమె కేక వేయలేదు, ఊపిరి లోపలికి లాక్కుంది. నేను గోడ మీద తగిలించిన దేవుడి క్యాలెండరు చూస్తున్నాను. మూడో దెబ్బకు బద్ద లేచినప్పుడు బాపు లోపలికి వచ్చి తన చెయ్యి ఆమె చేతి మీద పెట్టాడు. ఆ దెబ్బ ఆయన మణికట్టు మీద పడింది.

"తప్పు నాది సార్. చీర నా ముంగట్నుంచే పోయింది. పసుపు పెట్టిన చీర, నేనే ముట్టలే. ఈ పిల్లను ఇడువుండ్రి."

మేనేజరు ఆయన్ను చెంప మీద కొట్టాడు. టోపీ ఎగిరి నా కాళ్ల దగ్గర పడింది. కాలర్ పట్టుకుని గోడకు గుద్దాడు. పొద్దు గూకేలోపు చీరో పైసలో తెస్తే సరి, లేకపోతే ఇద్దరినీ స్టేషన్‌లో పడేస్తానన్నాడు. అమ్మాయిని గదిలోనే ఉంచి బయట గొళ్లెం పెట్టాడు.

బాపు నా కాళ్ల దగ్గర టోపీ తీసుకోవడానికి వంగాడు. లేస్తూ, జీవితంలో మొదటిసారి చెప్పుల దగ్గర ఆగకుండా, పైకి చూశాడు. నా తెల్లచొక్కా జేబు అంచున వేలి మందం పసుపు మరక ఉంది. ట్యాగుకు అంటినది జేబుకు అంటింది. మెట్ల మీద నన్ను ఆపాడు.

"జేబుల ఏమున్నది కొడుకా?"

"పెన్ను."

"పెన్నేనా?"

"పెన్నే బాపూ."

ఒక్క క్షణం అట్లాగే నిలబడ్డాడు. నేను ఇస్తానేమోనని ఆగాడని ఇప్పుడు అర్థమవుతోంది. అప్పుడు నా చెయ్యి జేబు దాకా పోయింది కూడా. ఇచ్చి ఉంటే అక్కడితో అయిపోయేది. నాకు నాలుగు దెబ్బలు పడేవి, ఉద్యోగం పోయేది. ఇవ్వలేదు. ఆయన టోపీ పెట్టుకుని, మెట్లు దిగి, బస్సు కోసం చౌరస్తా వైపు నడిచాడు. ఊరి పేరు పొద్దున అడిగే ఉన్నాడు.

అక్కడ ఏం జరిగిందో రెండేళ్ల తర్వాత ఆ ముసలామె నోటనే విన్నాను. నవలకు సరుకు కావాలని పనిగట్టుకుని ఆ ఊరు వెళ్లాను, నా సిగ్గులేనితనం అంతటిది. తెల్లారితే పెండ్లి. పిల్లగాడి తరఫువాళ్లు కొందరు అప్పటికే వచ్చి కూర్చున్నారు. పందిరి వేస్తున్నారు. యూనిఫాం వేసుకున్న మనిషి వాకిట్లోకి వచ్చి ముసలామెను పక్కకు పిలిచి చీర బిల్లు అడిగాడు. ఎంత మెల్లగా అడిగినా పెండ్లికూతురి మేనమామ చెవిన పడింది. వియ్యాలవారి ముందు మా అవ్వను దొంగ అంటావా అని మీద పడ్డాడు. ఇంకో నలుగురు తోడయ్యారు. పాతడానికి తెచ్చిన పందిరి గుంజతో ఎడమ కణత మీద కొట్టారు. కింద పడితే కాళ్లతో తన్నారు. చెవిలోంచి నెత్తురు కారి, వంటకు తెచ్చిన ఉల్లిగడ్డల సంచి తడిసిందని చెప్పింది ముసలామె. ఆయన చేతులు అడ్డం పెట్టుకుని ఒకే మాట పదే పదే అన్నాడట. అవ్వ దొంగ గాదు, ఆడ ఒక పిల్లను కొడుతున్నరు, అని.

ఆ మాట ముసలామెకు వినపడింది. గుంజకు అడ్డం పడి అందర్నీ ఆపింది. కొడుకు బిల్లు తెచ్చి చూస్తే అందులో మెరూన్ చీర లేదు. "కండ్లద్దాలాయన చేతికిచ్చిన ట్యాగు, ఆయనకే ఇచ్చిన," అన్నాడు కొడుకు. అప్పుడు బాపు, నెత్తురు తుడుచుకుంటూ, ఆయన చేతిలోంచి జారి కౌంటర్ కింద పడ్డట్టుందిలే అన్నాడట. ఇది చెప్తున్నప్పుడు ముసలామె నా కండ్లద్దాల వైపే చూస్తోంది. నేను నోటుబుక్కు మూసి లేచి వచ్చేశాను.

వాళ్లు పైసలిచ్చారు. కొడుకు వెంట వస్తానంటే బాపు వద్దన్నాడు. పెండ్లి ఇల్లు వదిలి రావొద్దన్నాడు, తనను కొట్టిన సంగతి వియ్యాలవాళ్లు మరిచిపోయేటట్టు చూసుకొమ్మన్నాడు. ముసలామె తన పాత చీర చింపి తలకు కట్టింది.

పొద్దు గూకుతుండగా పూలపూల గుడ్డ తలకు కట్టుకుని ఆయన నా కౌంటర్ ముందుకొచ్చాడు. చొక్కా ఎడమ వైపంతా నెత్తురుతో అట్టకట్టింది. పేరు పలక మీద నెత్తురు ఎండి ఆ ఇంకొకడి పేరు కూడా కనిపించడం లేదు. చెయ్యి చాపాడు.

"ఇయ్యి," అన్నాడు.

ఇచ్చాను. ఆయన పైకి వెళ్లి, పరుపు అంచు ఎత్తి, గీడ పడ్డది సార్ అని చూపించాడు. మేనేజరు ట్యాగు తీసుకున్నాడు, పైసలు తీసుకున్నాడు, గొళ్లెం తీశాడు. తప్పయిందని ఎవరూ ఎవరికీ చెప్పలేదు. పైగా ట్యాగు పారేసుకున్న నిర్లక్ష్యానికి ఆ అమ్మాయిని ఆ పూటే పనిలోంచి తీసేశాడు. ఆమె చూపుడు వేలు రెండు చోట్ల విరిగింది. దవాఖానకు ఆలస్యంగా పోయింది, అది వంకరగానే అతుక్కుంది.

షాపు మూసే ముందు బాపు మళ్లీ నా దగ్గరికి వచ్చాడు. తిడతాడనుకున్నాను. తిట్టాలని కోరుకున్నాను.

"చొక్కకు సబ్బు పెట్టకు. సబ్బు తాకితే పసుపు ఎర్రగైతది. తడిపి ఎండల ఎయ్యి, అదే పోతది."

అంతే చెప్పి వెళ్లిపోయాడు. నేను ఇంటికి పోయి కంగారులో సబ్బే పెట్టాను. మరక ఎర్రబడింది. రుద్దినకొద్దీ ఇంకా ఎర్రబడింది. స్నానాల గదిలో ఆ చొక్కా పట్టుకుని ఏడ్చాను. ఎవరికోసం ఏడ్చానో నాకే తెలియదు.

ఆ తర్వాత ఇంకో ఏడాది ఆయన అదే తలుపు దగ్గర పనిచేశాడు. ఎడమ చెవి పూర్తిగా పోయింది. ఎవరు మాట్లాడినా కుడి చెంప తిప్పేవాడు. నాతో మామూలుగానే ఉన్నాడు, టీ తాగుదాం రా కొడుకా అని పిలిచేవాడు. ఆ పిలుపు వింటే నేను బిల్లులు సర్దుతున్నట్టు తల దించుకునేవాణ్ణి. తర్వాత బిడ్డ దగ్గరికని భూపాలపల్లి వెళ్లిపోయాడు.

నవల అచ్చయ్యాక ఒక కాపీ పట్టుకుని వెళ్లాను. ఆయనకు అంకెలు తప్ప చదవడం రాదు. అట్ట మీద చెయ్యి తిప్పి చూశాడు. ఇందులో నేనున్నానా అని అడిగాడు. ఉన్నావన్నాను. ఆ పిల్ల ఉన్నదా అన్నాడు. లేదన్నాను. నువ్వున్నవా అన్నాడు. నేనూ లేనన్నాను.

"మరి దొంగెవలు?"

"ఎవ్వలు లేరు బాపూ. చీర పరుపు కింద దొరుకుతది."

కుడి చెంప నా వైపు తిప్పి ఇంకోసారి చెప్పించుకున్నాడు. తల ఊపాడు. మంచిగనే రాసినవ్ అన్నాడు. వెక్కిరించాడా అంటే, ఆ మనిషికి వెక్కిరింపు రాదు. తాను చెప్పిన అబద్ధాన్నే నేను అచ్చు వేయించుకున్నానని ఆయనకు అర్థమైంది. వచ్చేటప్పుడు గుమ్మం దగ్గర నా చెప్పులు తిప్పి పెట్టి ఉన్నాయి.

ఫోను వచ్చిన మర్నాడు తండాకు వెళ్లేసరికి బాపును వాకిట్లో పడుకోబెట్టి ఉన్నారు. ఆడవాళ్లు వాళ్ల భాషలో ఏడుస్తున్నారు. చెవుల్లో దూది పెట్టారు, రెండు చెవుల్లోనూ. ఆ అమ్మాయి అప్పటికే వచ్చి ఉంది. మహబూబాబాద్‌లో మ్యాచింగ్ బ్లౌజు ముక్కల కొట్టు పెట్టుకుందట. బయట కంచె దగ్గరికి వచ్చి నిలబడ్డాం. బాపు ఏటా ఒకసారి తన కొట్టుకు వచ్చి, వేలు ఎట్లున్నది బిడ్డా అని అడిగి వెళ్లేవాడని చెప్పింది. నా పుస్తకం రెండుసార్లు చదివిందట.

"అన్ని ఉన్నయి అన్నా. పరుపు ఉన్నది, బుట్ట ఉన్నది. నన్నే తీసేసినవ్. ఎందుకు?"

చెప్పాను. ట్యాగు పరుపు కింద లేదని, నా జేబులో ఉందని చెప్పాను. మెట్ల మీదే గుర్తొచ్చిందని, గుర్తొచ్చాకే రాలేదు సార్ అన్నానని కూడా చెప్పాను. చెప్పడం అయిపోయాక కొట్టింది. కండ్లద్దాలు ఎగిరి మట్టిలో పడ్డాయి. అటు పాడె కడుతున్నవాళ్లు తలలు తిప్పి చూశారు. రెండోసారి కొట్టింది. నేను చేతులు అడ్డం పెట్టలేదు. అంతమాత్రానికే నా గొప్ప చెప్పుకోవడం లేదు, ఏడేళ్లు ఆలస్యంగా పడ్డ దెబ్బలవి.

"బాపుకు ఎర్కనా?" అంది రొప్పుతూ.

"ఆ రోజే ఎర్క."

ఆమె బాపు శవం వైపు తిరిగింది. ఆయన మీద కోపం వచ్చిందని మొహంలో కనిపించింది. ఆ కోపం న్యాయమే. ఇంకొకణ్ణి దెబ్బలకు అప్పజెప్పలేక ఆయన నోరు మూసుకున్నాడు, దానికి ఆమె చేయని తప్పు మోసింది. లారీ చక్రం దగ్గర చేసిన తప్పు మళ్లీ చేయకూడదని ఇంకో తప్పు చేశాడు. ఆయన గురించి రాసేటప్పుడు ఇది వదిలేస్తే మళ్లీ నవలే అవుతుంది.

"గా ఒక్కటి తప్పు జేసిండు బాపు," అంది. కండ్లు తుడుచుకుంది. "గిప్పుడు రాయి. నెత్తురుతోని రాయి. ఆయన పేరు వద్దు, నా పేరు వద్దు. నువ్వు చేసింది పెట్టు."

రాస్తానన్నాను. అద్దాలు వెతుక్కుని పెట్టుకున్నాను. ఆమె చెయ్యి ఇంకా నా ముందే ఉంది. పిడికిలి బిగించాలని చూసింది. మిగతా వేళ్లన్నీ ముడుచుకున్నాయి, చూపుడు వేలు ఒక్కటి వంగలేదు. అది నా దిక్కే ఉంది.